టీకా – మహావిశ్వాసము

సంస్కృతమున టీకా యనగా వ్యాఖ్య. మూలములో కఠినమైన పదము ఎదురైనప్పుడు చదువరి తడబడకుండ, దాని యర్థమును ముందుగా విప్పి చెప్పియుంచునది టీక. మన పూర్వులు మశూచికి వేయించుకొనిన టీకా ఈ మాట కాదు. అది బొట్టు, గుర్తు అను అర్థములు గల హిందీ మాట. సూది గ్రుచ్చిన చోట మచ్చ నిలుచుటకు ఆ పేరు తగియున్నది. అర్థములు వేరైనను ఈ రెండు మాటలు ఒకే యక్షరములతో కలిసికొనుట శాస్త్రపాఠము చదివినవారికి వింతగా తోచకపోదు. ఏలయన, శరీరములో ఆ మందు చేయు పని వ్యాఖ్యాత చేయు పని వంటిదే.

హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ టీకాలో నుండినది చంపబడిన వైరసు. అది రోగమును కలిగింపలేదు. శరీరము ఆ మృతశత్రువును చూచి, వాని రూపరేఖలను గుర్తుంచుకొని, బ్రతికియున్న శత్రువు వచ్చిననాడు ఆనవాలు పట్టి ఎదుర్కొనును. పుణెలో తయారైన కోవిషీల్డు మార్గము కొంచెము వేరు. కీడు చేయకుండ మార్చబడిన వేరొక వైరసు, కరోనా వైరసు మీది ముల్లు వంటి భాగము యొక్క గుర్తును మాత్రము శరీరమునకు అందించును. రెండింటి ప్రయోజనమును ఒకటే: ముందుగా ఆనవాలు తెలుపుట. వ్యాఖ్య చదివినవాడు ఎదురైన ప్రతి శ్లోకమునకును అర్థము చెప్పగలడా? చెప్పలేడు. వ్యాఖ్య చూడనివాని కంటె తక్కువగా తడబడును, అంతే. ఆ మహమ్మారి దినములలో టీకాపై జనులు పెంచుకొనిన ఆశలలోను, పడిన భయములలోను చాలవరకు ఈ తేడాను మరచుట వలన కలిగినవే.

2020 మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర యుగాది. శార్వరి యనగా రాత్రి. దేశమంతట లాక్‌డౌను మొదలైనది ఆనాడే. నల్లమల యంచున నున్న ఆత్మకూరు యాత్రికులకు పాతకాలపు మజిలీ. ఏటేట యుగాదికి కన్నడ దేశపు భక్తులు ఈ ప్రాంతము మీదుగా వెంకటాపురము, నాగలూటి దారిన అడవిలో నడచి శ్రీశైలము చేరుదురు. దక్షిణముగా, అదే కొండల వరుసలో, ఆళ్లగడ్డ దాటినచో అహోబిలము. ఆ యుగాదినాడు గుడుల తలుపులు యాత్రికులకు మూతపడియుండెను. తిరుమలలో మార్చి 20 నుండియే దర్శనములు నిలిచి, శ్రీవారి నిత్యకైంకర్యములు ఏకాంతముగా జరుగుచుండెను. ఏప్రిలు నాటికి రాష్ట్రమునందలి అన్ని జిల్లాలలోను కర్నూలు జిల్లాలోనే రోగులు ఎక్కువ. ఆత్మకూరు అప్పుడు ఆ జిల్లాలోనిదే. నంద్యాల జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిలు 4న.

శార్వరి ముగియకముందే, 2021 జనవరి 16న దేశములో టీకాలు మొదలిడిరి. అంతకు ముందునాడు కనుమ. కనుమనాడే అహోబిలేశుడు పారువేటకు బయలుదేరుట ఆచారము. నలుబది దినములకు పైగా ఊరూర తిరిగి, తన కల్యాణమునకు తానే ప్రజలను పిలుచుకొను స్వామి ఆయన. భక్తులు గుడికి వచ్చువరకు వేచియుండక తానే వారి వాకిండ్లకు పోవుట ఆ ఉత్సవములోని సొగసు. టీకా పెట్టెలును అట్లే, రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చలిలో భద్రపరుపబడి, పట్టణముల నుండి పల్లెలకును, పల్లెల నుండి చెంచుగూడెములకును పోవలసియుండెను. తిథులు అట్లు కూడుట యాదృచ్ఛికమే కావచ్చును.

పిమ్మటి యుగాది 2021 ఏప్రిలు 13. ఆ సంవత్సరము పేరు ప్లవ. ప్లవమనగా తెప్ప. ఆ నెల 11 నుండి 14 వరకు కేంద్రప్రభుత్వము టీకా ఉత్సవమును నడిపినది. రెండవ అల విరుచుకుపడుచున్న సమయమది. తెప్ప ఏటిని ఎండగట్టదు. ఎక్కినవాని కాళ్లు తడియును, నీటి తుంపరలు మొగముపై పడును, సుడి వచ్చినచోట గుండె జారును. మునుగకుండ అవతలి యొడ్డు చేర్చుట దాని పని. టీకా వేయించుకొనినవారికిని రోగము రావచ్చును, కాని ప్రాణము మీదికి వచ్చుట చాల తగ్గునని వైద్యులు ఆనాడు చెప్పుచు వచ్చినది ఇదే.

ఆ దినములలో ఆత్మకూరు వంటి ఊళ్లలోని వైష్ణవ గృహములందు వినబడిన మాటలు ఇంచుమించు ఇట్లుండెను.

"అత్తా, రేపు పెద్దాసుపత్రిలో టీకాలు వేస్తారంట. ఆధార్ కార్డు తీసి పెట్టుకోండి" అనును కోడలు.

"నాకెందుకమ్మా? ప్రహ్లాదునికి విషం పెట్టినారు, ఏనుగులతో తొక్కించినారు. ఏమైంది? ఆయన్ను కాపాడిన అహోబిలం సామి నన్ను చూసుకోడా?"

"ఎదురింటి మామ వేయించుకొని కూడా పడకేసినాడు కదా!" అని కొడుకు నడుమ అందుకొనును.

ముగ్గురి మాటలును ప్రేమతోను, భయముతోను పుట్టినవే. ఆ వృద్ధురాలి మాట మూఢత్వమని త్రోసివేయుట సులభము, కాని న్యాయము కాదు. ఏండ్ల తరబడి నిత్యారాధన చేసిన నోటినుండి వచ్చిన మాట అది. అందుచేతనే దానిని శ్రద్ధతో విచారింపవలసియున్నది.

ప్రహ్లాదునికి విషము పెట్టిరి, నిజము. పర్వతము మీదినుండి త్రోసిరి, సర్పములతో కరపించిరి. అయితే ప్రహ్లాదుడు విషమును వెదకికొని పోయెనా? స్వామి రక్షించునో లేదో చూతమని కొండకొమ్మునుండి తానై దూకెనా? లేదు. పాఠశాలకు పంపిన పోయెను, పిలిచిన వచ్చెను, అడిగిన చెప్పెను. ఆపద తండ్రి చేతినుండి వచ్చినది. తప్పించుకొను దారి ఆ బాలునికి లేదు. దారి లేనిచోట స్వామి తానే దారియై నిలిచెను. దారి యుండియు మూసికొని, స్వామిని రమ్మనుట వేరు. అది విశ్వాసమువలె కనబడును గాని, పరీక్ష. ప్రహ్లాదుడు స్వామిని ఏనాడును పరీక్షింపలేదు. స్తంభములో నున్నాడా యని పరీక్షించినవాడు హిరణ్యకశిపుడు. ఆ యుగ్రస్తంభము చూచుటకై ఎగువ అహోబిలము దాటి కొండయెక్కిన భక్తులు ఈ భేదమును కొంచెము తలపోయుదురు గాక.

ఇక కొడుకు మాట. వేయించుకొనినవానికిని రోగము వచ్చినది గదా, ఇక దానివలన ఏమి లాభమని అతని యభిప్రాయము. ఇచ్చట హిరణ్యకశిపుని వరమును కొంచెము నిదానముగా చూడవలెను. మనుష్యుని చేతగాని మృగము చేతగాని చావు రాకూడదు. పగలుగాని రాత్రిగాని, లోపలగాని వెలుపలగాని, నేలపైగాని ఆకాశమునగాని, ఏ యాయుధముచేతను రాకూడదు. ఎంత జాగ్రత్తగా కూర్చిన జాబితా! న్యాయవాదులు వ్రాసిన దస్తావేజునకు కూడ ఇన్ని షరతులుండవు. సందు లేని రక్ష కోరినాడు వాడు. రక్షించువాడు అక్కరలేని రక్ష కోరినాడు. కడకు సంధ్యయందు, గడపపై, ఒడిలో, గోళ్లతో అన్ని షరతులును చెల్లుచుండగనే వాని పని తీరినది.

ఏ టీకాయు ఇట్టి వరము కాదు, దానిని కనుగొనినవారును అట్లు చెప్పలేదు. కోవాగ్జిన్ మూడవ దశ పరీక్షల ఫలితములు 2021 నవంబరులో లాన్సెట్ అను వైద్యపత్రికయందు అచ్చైనవి. రోగలక్షణములతో కూడిన జబ్బును అది 77.8 శాతము తగ్గించినట్లును, తీవ్రమైన జబ్బును 93 శాతమునకు పైగా తగ్గించినట్లును అందు తేలినది. అనగా టీకా లేనివారిలో నూరుగురు జబ్బుపడుచోట, అంతమందియే యున్న టీకావారిలో ఇరువది ఇద్దరు జబ్బుపడిరని భావము. ఎదురింటి మామ ఆ ఇరువది ఇద్దరిలో నొకడు. ఆయన పడకవేసెను, లేచి కూర్చుండెను గదా! ఆ రెండవ మాట కొడుకు చెప్పలేదు. మంచముపై నున్నవానిని వీధియంతయు చూచును. రోగము రాని డెబ్బది యెనిమిది మందిని ఎవరు లెక్కింతురు?

దీనికి ఎదురైన పొరపాటును లేకపోలేదు. ఒక్క మోతాదు పడగానే మాస్కు తీసి పెండ్లి పందిళ్లలో తిరిగినవారు కొందరు. వారిది హిరణ్యకశిపుని వరముపై నమ్మకము వంటిదే, చిన్నపాటిది. సందు లేదనుకొనినవాడును, సందున్నది గనుక నిష్ప్రయోజనమనువాడును ఒకే గడపకు ఇరువైపుల నిలిచియున్నారు.

మన యాచార్యుల నడవడి చూచినచో ఈ సంగతి మరింత తేటపడును. 1323లో ఢిల్లీ సైన్యము శ్రీరంగముపై పడినప్పుడు, వృద్ధులైన పిళ్లై లోకాచార్యులు నంపెరుమాళ్ల ఉత్సవమూర్తిని తీసికొని రహస్యముగా బయలుదేరిరి. సన్నిధి ద్వారమునకు గోడ కట్టించిరి. వేదాంతదేశికులు శ్రుతప్రకాశికా గ్రంథమును కాపాడుటకై శవముల నడుమ పడియుండిరని గురుపరంపర చెప్పుచున్నది. ఆ ఉత్సవమూర్తి పెక్కేండ్లు ఊరూర తిరిగి, తిరుమలలోను కొంతకాలముండి, 1371లో మరల శ్రీరంగము చేరెను. తిరుమల ఆలయములోని రంగనాయక మండపము ఆ వాసమునకు గుర్తని ప్రసిద్ధి. జగద్రక్షకుని మూర్తికి మానవులు గోడ కట్టి రక్ష చేయుటయా? ఆ మహనీయులకంటె విశ్వాసము గలవారెవరు? శరణాగతికి మహావిశ్వాసము అంగమని లోకమునకు బోధించినవారే సమయము వచ్చినప్పుడు ఇటుకలు పేర్పించిరి.

కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును, పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. ఈ రెండు న్యాయములపై రెండు సంప్రదాయములవారు శతాబ్దములుగా వాదించుచున్నారు. వాదము సాగనిండు. కాని పిల్లికూన మతమువారు కూడ ఒకటి గమనింపవలెను. అది తల్లిని పట్టుకొనదు గాని, తల్లి నోటినుండి గింజుకొని దూకదు. ఆసుపత్రి అరుగు వరకు వచ్చిన మందును, ఎండలో నడచివచ్చిన నర్సమ్మను స్వామి పంపలేదని ఎట్లు చెప్పగలము? సహస్రనామములలో భేషజమను నామము ఒకటి, భిషక్కను నామము ఒకటి పక్కపక్కనే యున్నవి. మందును ఆయనయే, వైద్యుడును ఆయనయే. పదునొకండవ శతాబ్దములో వీరరాజేంద్ర చోళుని కాలమున తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ల ఆలయమునకు పదునైదు పడకల వైద్యశాల ఉండెను. అందు వైద్యునికి, శస్త్రచికిత్సకునికి, మందులు తెచ్చువారికి ఏర్పరచిన జీతములు సైతము గోడపై శాసనముగా చెక్కబడినవి. గుడిగోడకే ఆసుపత్రి లెక్కలు ఎక్కిన దేశమిది.

అరువది దాటిన పలువురు వైష్ణవుల భుజములను చూచినచో రెండు విధములైన ముద్రలు కనబడును. సమాశ్రయణమునాడు ఆచార్యుడు కుడిభుజముపై చక్రమును, ఎడమభుజముపై శంఖమును కాచి ఒత్తిన ముద్రలు మొదటివి. వానికి కొంచెము దూరములో గుండ్రని గుంటవంటి మశూచి టీకా మచ్చ రెండవది. మశూచిని అమ్మవారు అని, పేరెత్తుటకు కూడ భయపడిన దినములవి. టీకాలవారు వచ్చిరనిన, తల్లులు పిల్లలను గాదెల వెనుక దాచిరి. అయినను ఆ మచ్చలే మెల్లమెల్లగా ఆ రోగమును భూమిమీద లేకుండ చేసినవి. మన దేశములో 1975తో అది ఆగెను; 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది లోకమునుండియే తొలగినదని ప్రకటించెను. ఆనాడు మచ్చ వేయించుకొనుట వలన చక్రాంకమునకు లోపము కలిగెనని ఏ యాచార్యుడైన చెప్పెనా?

ఇంతమాత్రమున సందేహించినవారందరును తప్పుచేసిరనుట కాదు. కోవాగ్జినుకు 2021 జనవరి 3న అనుమతి ప్రకటించునప్పటికి మూడవ దశ ఫలితములు ఇంకను వెలువడలేదు. ఇది తొందరపాటు కాదా యని అడిగినవారిలో చదువుకొనినవారే ఎక్కువ, అడుగుటయు సబబే. కోవిషీల్డు రెండు మోతాదుల నడుమ ఎడము మొదట నాలుగు నుండి ఆరు వారములనిరి, మార్చిలో ఆరు నుండి ఎనిమిది యనిరి, మే నెలలో పండ్రెండు నుండి పదునారు చేసిరి. కొత్త సంగతులు తెలిసినకొలది మార్చుట శాస్త్రమునకు సహజము. కాని సరకు చాలక మార్చిరని పల్లెవాడు అనుకొనినచో వానిని తప్పుపట్టుట యెట్లు? వివరముగా చెప్పువారు లేనిచోట పుకారు వ్యాఖ్యాతయై కూర్చుండును.

2024లో ఈ భయము మరల తలయెత్తినది. కోవిషీల్డు సూత్రమును రూపొందించిన ఆస్ట్రాజెనెకా సంస్థ, ఆ టీకా వలన మిక్కిలి అరుదుగా రక్తము గడ్డకట్టు జబ్బు రావచ్చునని ఇంగ్లండు న్యాయస్థానమునకు ఇచ్చిన పత్రములలో ఒప్పుకొనెను. మూడేండ్ల క్రితము వేయించుకొనిన వృద్ధులు సైతము ఛాతీపై చేయివేసికొని కలతపడిరి. ఆ జబ్బు నిజము. 2021లోనే వైద్యులు దానిని గుర్తించి చెప్పిరి. అయితే అది మోతాదు పడిన కొన్ని దినములలో, లేదా కొన్ని వారములలో వచ్చునది; ఏండ్లు గడచిన పిమ్మట పొంచియుండి వచ్చునది కాదు. ఆ కొద్దిమందికి కలిగిన నష్టమును చిన్నదిగా చెప్పరాదు. ఆ యింటివారికి అది నూటికి నూరు పాళ్లు.

తిరుమలలో 2021 సెప్టెంబరు నుండి దర్శనమునకు రెండు మోతాదుల ధ్రువపత్రము గాని, మూడు దినములలోపు చేయించుకొనిన పరీక్షలో రోగము లేదను పత్రము గాని చూపవలసివచ్చెను. దేవుని చూచుటకు కాగితమేల యని కొందరు గొణిగిరి. ఆ నియమము నేడు లేదు గాని ఆ ప్రశ్నకు సమాధానము మన సంప్రదాయములో ఎప్పుడును కలదు. భగవంతునిపట్ల చేసిన అపచారమును ఆయన సహించునట, భాగవతులపట్ల చేసిన అపచారమును సహింపడట. వరుసలో ముందు నిలిచిన ముసలి భాగవతుని మెడపై రోగపుదగ్గు దగ్గుట ఏ కోవలోనికి వచ్చునో భక్తులు తామే నిర్ణయించుకొందురు గాక. శరణాగతి యంగములలో ప్రాతికూల్య వర్జనమనునది, అనగా స్వామికి ఇష్టము కానిదానిని విడుచుట, గుడిలోపల మాత్రమే పాటించు నియమము కాదు.

ఇంక మిగిలినది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. టీకా అందకముందే పోయినవారు కలరు. వరుసలో నిలిచి, రేపు రమ్మని తిరిగి పంపబడి, ఆ రేపు రాకుండ పోయినవారు కలరు. రెండు మోతాదులు వేయించుకొనియు పోయినవారును కలరు. నిత్యము తిరువారాధనము చేసిన యింటిలో చావు జరిగినది. గుడిమొగము చూడని యింటిలో జరుగలేదు. వారిని స్వామి రక్షింపలేదా? వారి విశ్వాసములో లోపముండెనా? ఈ మాట నోరు తెరచి అడుగలేక లోలోపల క్రుంగుచున్న కుటుంబములు ఆత్మకూరులోను ఉన్నవి, అంతటను ఉన్నవి. విశ్వాసము తక్కువై పోయెనని వారితో అనువాడు శాస్త్రము చదువనివాడు.

జటాయువును తలచుకొనుడు. ఏండ్లు మీదపడిన పక్షి. రథమును, కవచమును, ఆయుధములును గల రావణునితో ముక్కుతోను, గోళ్లతోను పోరెను. తన చేతనైన యుపాయమంతయు చేసెను. అయినను రెక్కలు తెగినవి. రాముడు వచ్చునప్పటికి ఆలస్యమైనది. రాముడే వచ్చెను గదా, ఆ రెక్కలను మరల అతికింపలేకపోయెనా? అట్లు చేయలేదు. తలను తన చేతులతో నిమిరెను, కడపటి మాట వినెను, ఉత్తమలోకములకు పొమ్మనెను. పిమ్మట లక్ష్మణునిచేత కట్టెలు తెప్పించి తానే చితి పేర్చి, నిప్పు పెట్టి, గోదావరికి పోయి ఉదకము విడిచెను. తన వంశము కాదు, తన జాతి కాదు. కొడుకు చేయవలసిన కర్మ చేసెను. రక్షింపబడనివాడు జటాయువని మన పెద్దలలో ఎవ్వరును అనలేదు. అనంతపురము వైపున లేపాక్షి యను ఊరిపేరును జనులు ఈనాటికిని ఆ పక్షి కథతోనే ముడిపెట్టి చెప్పుకొందురు.

2020లోను, 2021 వేసవిలోను కొడుకులు తండ్రుల పాడె మోయలేకపోయిరి. మొగము చూడనీయలేదు. ఎవరో పురపాలక సంఘపు పనివారు, పేరు తెలియనివారు, ఒంటినిండ తొడుగులు వేసికొని ఆ పని చేసిరి. జటాయువునకు రాముడు చేసిన పని అది. దూరమున నిలిచిపోయిన కొడుకులకు తమ చేతులతో నిప్పు పెట్టలేకపోయితిమను బాధ నేటికిని తీరలేదు. కాని తండ్రి చితికి నిప్పు పెట్టలేకపోయిన కొడుకులలో రాముడే మొదట తలపునకు వచ్చువాడు. దశరథుడు అయోధ్యలో పోయెను. కర్మ భరతుడు చేసెను. రామునికి ఆ వార్త తెలియుటకే ఎన్నో దినములు పట్టినది. తెలిసినప్పుడు మూర్ఛపోయి, లేచి, తమ్ములతోను సీతతోను మందాకినిలో దిగి జలము విడిచెను. వంటశాల లేదు, బియ్యము లేదు, నువ్వులు లేవు. గారపిండిలో రేగుపండ్లు కలిపి, దర్భలు పరచి, దానిపై నుంచెను. కోసలదేశపు రాజునకు ఆ యడవిలో పెద్దకొడుకు పెట్టిన పిండము అది.